టిక్కీల మధ్య బేరం: ఫ్యామిలీ లింక్‌తో ఏడు నెలలు

గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, రాసుకుంటుంటే జేబులో ఫోన్ మోగింది. మావాడి అర్జీ. ఏదో కార్ల గేమ్ ఎక్కించుకుంటాడట, ఒప్పుకోమని. ఘాటుకి తుమ్ముతూనే కాదని నొక్కాను. నిమిషంలో వాళ్ళమ్మ ఫోన్ నుంచి కాల్. "నాన్నా, మా క్లాసులో అందరికీ ఉంది!" రైతులు కూడా నాతో ఇంత గట్టిగా బేరమాడరు.

పిల్లల ఫోన్‌ని మన ఫోన్ నుంచి అదుపులో పెట్టుకునే యాప్, గూగుల్ ఫ్యామిలీ లింక్, వాడబట్టి ఏడు నెలలు. ఉచితమే. ముందు నేను వెతికింది మాత్రం ఇది కాదు. ఒక ఫోన్ల కొట్లో కుర్రాడు వేరే యాప్ చూపించి, పిల్లోడికి తెలియకుండా వాడి మెసేజీలన్నీ మన ఫోన్లోకి వస్తాయన్నాడు. ఆశపడ్డాను. తీరా చూస్తే అది ప్లే స్టోర్‌లో లేదు, పైగా యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగింది. అది ఇచ్చామంటే స్క్రీన్ మీద కనబడేదంతా చదివేస్తుంది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకునే తండ్రినే నేను, కొట్లో నిలబడి ఊరూపేరూ లేనివాడికి ఒప్పేసుకోబోయాను.

ఫ్యామిలీ లింక్‌లో దొంగచాటు లేదు. నేనేం పెట్టానో వాడికీ కనబడుతుంది. వాట్సాప్‌లో ఏం రాసుకుంటాడో నాకు చూపించదు. మొదట్లో ఇది లోపమనుకున్నా. కానీ నా ఏడో తరగతి నోట్సు చివరి పేజీలు మా నాన్న చదివుంటే నేను ఇంట్లోంచి పారిపోయుండేవాణ్ణి.

రాత్రి 9కి ఫోన్‌కి తాళం పడుతుంది, కాల్స్ మాత్రం పనిచేస్తాయి. యూట్యూబ్‌కి రోజుకి గంట. డిక్షనరీని లెక్కలో పడకుండా వదిలేశాను. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో, అంటే హిస్టరీ మిగలని కిటికీ, తెరుచుకోదు. యూట్యూబ్ హిస్టరీ నమోదు కాకుండా నేనే ఆపేశాను. అట్టాగని గూగుల్‌కి ఏమీ తెలియదని కాదు, ఖాతా వాళ్ళదేగా.

ఫోన్ ఎక్కడుందో, ఎంత చార్జింగ్ ఉందో మ్యాప్‌లో చూపిస్తుంది. ట్యూషన్ బ్రాడీపేట 4/14లో (నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు) అయితే ఒకరోజు ఫోన్ అరండల్‌పేటలో ఉంది. కంగారుగా బండేసుకుని పోతే ముగ్గురు పిల్లలు పునుగులు తింటున్నారు. నన్ను చూసి వాడి మొహం మాడిపోయింది. నాకూ సిగ్గేసింది, పునుగుల డబ్బులు ఇచ్చి వచ్చేశాను. ఇప్పుడు ఆలస్యమైతే తప్ప ఆ మ్యాప్ తెరవను.

చిక్కల్లా హోంవర్కుతో. అది వాళ్ళమ్మ వాట్సాప్‌కి వస్తుంది, వీడు రాసుకోవాలని ఆ ఫోన్ తీసుకుంటాడు, ఇక గంట పత్తా ఉండడు. వాడి ఫోన్‌కి ఎన్ని గడియలు పెడితే ఏం లాభం? దీనికి మందు ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోనే ఉంది, యాప్ పిన్నింగ్ అంటారు. ముందు దాన్ని ఆన్ చేసి, వాట్సాప్ తెరిచి పిన్ చేసి ఇస్తే, మన పిన్ నంబరు కొట్టందే బయటికి రాలేడు. బయటికి రావడానికి పిన్ అడిగేలా ఆ ఆప్షన్ కూడా పెట్టుకోవాలి, నేనది మర్చిపోయి రెండు రోజులు మోసపోయాను.

ఐదుకి నాలుగిస్తాను. తగ్గిన ఆ ఒక్కటి యాప్‌ది కాదు, మా ఇంటిది. మా నాన్న ఫోన్‌కి అసలు తాళమే లేదు. పెట్టమంటే "పిల్లోడేగా, ఆడుకోనీరా" అంటాడు. మొన్న చూద్దును కదా, ఆ కార్ల గేమ్ ఆయన ఫోన్లో ఉంది. మావాడు రెండో లెవెల్. మా నాన్న ఏడు.