549 రూపాయల గ్రీటింగ్ కార్డుల కిట్: పిల్లలకైతే సరే, పండక్కి పంపడానికైతే వద్దు

ముందే చెప్పేస్తున్నా. సంక్రాంతికి చుట్టాలకీ స్నేహితులకీ చేత్తో చేసిన కార్డులు చవగ్గా పంపుదామని ఈ కిట్ వైపు చూస్తున్నవాళ్లయితే కొనకండి. ఇంట్లో ఎనిమిది పదేళ్ల పిల్లలుండి, సెలవుల్లో వాళ్ల చేతిలోంచి ఫోన్ లాక్కోవడానికి ఏదో ఒకటి కావాలంటే మాత్రం కొనొచ్చు, ఆ పని బాగానే చేస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో కాస్త అటూ ఇటూగా ఇదే పెట్టె నాలుగైదు పేర్లతో కనబడుతోంది.

లోపల 10 మడత కార్డులు, 10 రంగు కవర్లు, క్విల్లింగ్ కాగితపు పట్టీలు (చుట్టి పువ్వుల్లాంటివి చేసుకునే సన్నటి పట్టీలు), గ్లిట్టర్ షీట్లు, స్టిక్కర్లు, ఓ చిన్న గమ్ ట్యూబు, వంకీల అంచు వచ్చే కత్తెర ఉన్నాయి. అంటే కార్డు ఒక్కోటి 55 రూపాయలు పడింది. ఆ డబ్బుకి షాపులో ప్రింట్ చేసిన మంచి కార్డే వస్తుంది కదా, ఇంక మన కష్టం ఎందుకు?

అసలు గొడవ కాగితంతోనే. కార్డు ఎన్ని జీఎస్ఎమ్ అన్నది, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది, పెట్టె మీద ఎక్కడా రాయలేదు. జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది, గ్రీటింగ్ కార్డుకైతే 200 పైన ఉండాలి, 250 అయితే దర్జాగా నిలబడుతుంది. వీళ్ల కార్డు మీద స్కెచ్ పెన్ను పెడితే రంగు వెనక్కి దిగింది, టీవీ పక్కన నిలబెడితే "అత్తా, మళ్లీ పడిపోయింది" అని మా మేనకోడలు పిలుస్తూనే ఉంది. మడత దగ్గర రంగు పగిలి తెల్లగా బయటపడింది కూడా. స్టిక్కర్లన్నీ హ్యాపీ బర్త్‌డేలు, క్రిస్మస్ చెట్లు, మంచు మనుషులు. గాలిపటం లేదు, గంగిరెద్దు లేదు, తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. గుంటూరులో ఉన్న పెద్దమ్మకి మంచు మనిషిని అతికించి సంక్రాంతి శుభాకాంక్షలు అని రాసి పంపితే ఆవిడ ఏమనుకోవాలి? గ్లిట్టర్ గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది, మర్నాడు అన్నం కంచంలో కూడా మెరిసింది.

బాగున్నవీ లేకపోలేదు. క్విల్లింగ్ పట్టీలు శుభ్రంగా కోశారు, రంగు చేతికి అంటడం లేదు, పిల్ల వాటితో గంటల తరబడి పువ్వులు చుట్టింది. కత్తెర కూడా గట్టిదే. 5కి 2 ఇస్తాను, ఆ రెండూ వీటికే.

చవగ్గా కావాలంటే విడిగా కొనుక్కోండి. నాకైన ఖర్చు చెబుతా: 250 జీఎస్ఎమ్ ఏ4 రంగు షీట్లు పది 90 రూపాయలు, తెల్ల జెల్ పెన్ను 70, కవర్ల కట్ట 50, డబుల్ సైడ్ టేపు 30. ఒక్కో షీటుని సగానికి కోస్తే రెండు కార్డులు, మొత్తం 20. కార్డుకి 12 రూపాయలు. హైదరాబాద్ వాళ్లు ఛత్తా బజార్ వైపు వెళ్తే పెళ్లి పత్రికల ప్రెస్సులు వరసగా ఉంటాయి, మిగిలిపోయిన అట్ట ముక్కలు ఉంటే ఇస్తారేమో అడిగి చూడండి.

స్టిక్కర్లతో పనే లేదు, ముగ్గు చాలు. ఇటుక రంగు షీటు తీసుకుని, మడత పెట్టాల్సిన చోట స్కేలు ఆనించి రీఫిల్ అయిపోయిన పెన్నుతో గట్టిగా ఓ గీత లాగి అప్పుడు మడవండి, అంచు కత్తిలా వస్తుంది. పైన చుక్కకీ చుక్కకీ మధ్య సెంటీమీటరు దూరం ఉంచి 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేవరకు. చుక్కలు ముందు పెన్సిల్‌తో పెట్టుకుంటే వరస తప్పదు. జెల్ పెన్నుని చిత్తు కాగితం మీద నాలుగు సార్లు గీకి, ఇంకు దిగాక పైనుంచి కిందికి మెలికలు తిప్పుకుంటూ రండి, లేకపోతే అరచెయ్యి తగిలి మొత్తం అలుక్కుపోతుంది. ఫెవికాల్ జోలికి పోవద్దు, పల్చటి కాగితం తడికి ముడతలు పడుతుంది. లోపల రెండు ముక్కలు మీ చేతిరాతతోనే రాయండి, వాట్సాప్‌లో వచ్చే కవితలు వద్దు ప్లీజ్.

ఇక పోస్టు లెక్క, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయల స్టాంపు సరిపోతుంది. 250 జీఎస్ఎమ్ ఏ4 షీటు నిండుగా వాడితే అదొక్కటే దాదాపు 16 గ్రాములు, పెద్ద కవరు కలిస్తే 20 దాటిపోయి స్టాంపు రెట్టింపవుతుంది. సగం షీటు కార్డయితే 8 గ్రాములే, సీ6 కవరులో, అంటే ఏ4లో పావు సైజు కార్డు పట్టే కవరులో, చక్కగా పడుతుంది, పైన చిన్న గాలిపటం అతికించినా ఇబ్బంది లేదు. క్విల్లింగ్ పువ్వులు అతికించినవి మాత్రం పోస్టులో వేయకండి, ముద్రలు పడి, కట్టల కింద నలిగి అప్పడాలైపోతాయి, అవి చేతికి ఇచ్చుకోవాల్సినవే. భోగికల్లా అందాలంటే జనవరి మొదటి వారంలోనే డబ్బాలో వేసేయండి, పిన్ కోడ్ మర్చిపోకుండా.