గెయిన్ నాబ్ లేని రికార్డర్: స్టిల్ ఫోటోగ్రాఫర్ సంచిలో జూమ్ హెచ్1 ఎసెన్షియల్

స్టిల్ ఫోటోగ్రాఫర్లు వీడియో వైపు వచ్చేటప్పుడు ముందు కెమెరా ఊగకుండా పట్టే గింబల్ కొంటారు. తర్వాత ఇంకో లెన్సు, ఆ తర్వాత ఒక ఎల్ఈడీ లైటు. సౌండ్ సంగతి అన్నిటికన్నా ఆఖర్న, అదీ ఎవరో చూసి "బొమ్మ బాగుంది గానీ ఏమంటున్నాడో వినపడట్లేదు" అన్నాక గుర్తొస్తుంది. నా మటుకు నాకు ఈ వరస తలకిందులుగా ఉండాలనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఫోటోలు తీసినవాళ్లకి ఫ్రేమ్ పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. అలవాటు లేనిది వినడం. కాబట్టి సంచిలో చేరాల్సిన మొదటి కొత్త వస్తువు ఒక చిన్న రికార్డర్. నేను వాడేది జూమ్ హెచ్1 ఎసెన్షియల్. (మీటింగుల జూమ్ కాదు. ఇది ఆడియో పరికరాలు చేసే జపాన్ కంపెనీ.)

ఈ అవసరం కొత్తదేమీ కాదు. 2008లో నికాన్ డి90, ఆ వెంటనే కేనన్ 5డి మార్క్ టూ వచ్చి ఫోటోలు తీసే కెమెరాతోనే వీడియో తీయొచ్చని చూపించాయి. బొమ్మ చూసి అందరం నోరెళ్లబెట్టాం. సౌండ్ మాత్రం కెమెరా తనకి తోచినట్టు సర్దుకునేది. 5డి మార్క్ టూలో ఆడియో లెవల్ మనమే పెట్టుకునే వీలు 2010లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో గానీ రాలేదు. హెడ్‌ఫోన్ జాక్ అయితే అసలు లేనే లేదు. అందుకే అప్పటి ఫోటోగ్రాఫర్లు విడిగా రికార్డర్ పట్టుకెళ్లేవారు. అలా చాలామంది చేతుల్లోకి వచ్చిన చిన్న రికార్డర్లలో జూమ్ హెచ్1 ఒకటి. 2018లో దాని తర్వాతది హెచ్1ఎన్, 2024లో ఈ ఎసెన్షియల్ వచ్చాయి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆడియో ఎంతో మెరుగుపడింది, హెడ్‌ఫోన్ జాక్ కూడా చాలావాటిలో ఉంది. అయినా కెమెరా ఉండాల్సిన చోటూ మైకు ఉండాల్సిన చోటూ ఒకటి కావు. ఆ ఒక్క కారణం చాలు, రికార్డర్ విడిగా ఉండటానికి.

హెచ్1ఎన్‌లో లెవల్ సర్దుకోవడానికి తిప్పే నాబ్ ఉండేది. ఇందులో నాబూ లేదు, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి రికార్డు చేయాలన్నది) అనే సెట్టింగూ లేదు. మొదటిసారి చూసినవాళ్లు మెనూలో వెతుక్కుంటారు. దొరకదు. ఆన్ చేసి రికార్డ్ బటన్ నొక్కడమే. లోపల చిన్న శబ్దాలకి ఒకటి, పెద్ద శబ్దాలకి ఒకటి చొప్పున శబ్దాన్ని అంకెలుగా మార్చే రెండు కన్వర్టర్లు పనిచేస్తుంటాయి. ఆ రెండిటినీ కలిపి 32-బిట్ ఫ్లోట్ (చాలా చిన్న అంకెల్నీ చాలా పెద్ద అంకెల్నీ పట్టే పద్ధతి) వేవ్ ఫైల్‌గా రాస్తుంది. మన ఫోటోగ్రాఫర్ల భాషలో చెప్పాలంటే ఇది సౌండ్‌కి రా ఫైల్, అంటే కెమెరా పట్టినదంతా తర్వాత సర్దుకోవడానికి దాచిపెట్టే ఫైల్ లాంటిది. ఒక విషయంలో రా కంటే కూడా నయం: రాలో పూర్తిగా తెల్లబోయిన ఆకాశం తిరిగి రాదు, ఇక్కడ స్కేలు దాటిపోయినట్టు కనిపించే శబ్దాన్ని ఎడిటింగ్‌లో కిందికి దించితే ఏ దెబ్బా తగలనట్టు వస్తుంది.

ఇది ఒంటరిగా పనిచేసే ఫోటోగ్రాఫర్‌కి ఎంత హాయో మాటల్లో చెప్పడం కష్టం. కన్ను వ్యూఫైండర్‌లో ఉంటుంది, ఒక చెయ్యి ఫోకస్ మీద ఉంటుంది. మూడో చెయ్యి లేదు కాబట్టి లెవల్ మీటర్ చూసేవాళ్లెవరూ ఉండరు. ఎదుటి మనిషి గుసగుసగా మాట్లాడుతూ ఉన్నట్టుండి పకపకా నవ్వితే "అయ్యో, సౌండ్ పగిలిపోయిందేమో" అనే టెన్షన్ ఈ రికార్డర్‌తో పోతుంది.

గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన మీద ఫోటో కథ చేస్తున్నాను. కంటికి బిగించుకున్న భూతద్దం, చిమటాతో పట్టుకున్న నూగుగింజంత మర, బల్ల మీద వరసగా పెట్టిన పళ్లచక్రాలు. ఇవన్నీ ఫోటోలకే పుట్టినట్టుంటాయి. కానీ ఆయన పనిలో సగం చెవితో జరుగుతుంది. వాచీని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ ఫోటో నా దగ్గరుంది, మంచి ఫోటోనే. ఆయన వింటున్నదేమిటో మాత్రం అందులో లేదు.

రికార్డర్‌ని మడతపెట్టిన గుడ్డ మీద పెట్టి, విప్పిన వాచీని మైకులకి నాలుగు వేళ్ల దూరంలో ఉంచాం. హెడ్‌ఫోన్స్ ఆయనకే ఇచ్చాను.

"ఇది కుంటుతోంది బాబూ," అన్నాడు.

"కుంటడమంటే ఏంటండీ?"

"టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా లేదు. విను."

పాత మెకానికల్ వాచీలు చాలావరకు గంటకి 18,000 సార్లు, అంటే సెకనుకి 5 సార్లు కొట్టుకుంటాయి. ఆ వేగంలో ఎడం తేడా పట్టుకోవడం నా చెవికి చేతకాలేదు. ఎడిటింగ్‌లో వేగం తగ్గించి విన్నాక తెలిసింది, నిజంగానే ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. అదే టేక్‌లో పక్కనున్న అలారం గడియారం గణగణా మోగింది. మామూలు రికార్డర్‌లో ఆ టిక్కుటిక్కులు వినపడేలా గెయిన్ పెంచి ఉంటే ఈ గంట దెబ్బకి ఆ ముక్క పనికిరాకుండా పోయేది. ఇక్కడ రెండూ ఉన్నాయి. టిక్కుల్ని పెంచాను, గంటని తగ్గించాను, రెండూ వాడుకున్నాను.

కళ్లు మూసుకున్న ఆ ఫోటో ఇప్పుడు తెర మీద కదలకుండా ఉంటుంది, కింద కుంటి నడక వినపడుతుంది. తర్వాత ఆయన గొంతు. మొత్తం కథలో వీడియో ఒక్క చోటే పెట్టాను: ఆగిపోయిన బ్యాలెన్స్ చక్రం మళ్లీ కదిలే క్షణం. మిగతాదంతా ఫోటోలూ సౌండే. కదలికే విషయమైన చోట తప్ప వీడియో పెట్టకూడదని నా పట్టుదల. అందరూ ఒప్పుకోరు, తెలుసు. ఫోటోగ్రాఫర్ తీసిన సాదాసీదా వీడియో కన్నా అదే మనిషి తీసిన మంచి ఫోటో, దాని కింద మంచి సౌండ్ ఎక్కువసేపు చూడనిస్తాయి.

ఇంత చెప్పాక ఈ టెక్నాలజీ చేయలేనిదీ చెప్పాలి. 32-బిట్ అనగానే "ఇక ఎక్కడ పెట్టినా పర్లేదు" అనుకునేవాళ్లున్నారు. లెవల్ తప్పితే సరిదిద్దుకోవచ్చు గానీ దూరం తప్పితే ఏమీ చేయలేం. మనిషికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం మాత్రం గదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎడిటింగ్‌లో పెంచితే గొంతుతో పాటు ఆ బావిలో మాట్లాడుతున్న ధ్వనీ పెరుగుతుంది. పైగా ఈ మైకులు తట్టుకునే హద్దు 120 డెసిబెల్స్. అది దాటితే మైకు దగ్గరే శబ్దం పాడవుతుంది, ఫైల్ ఎన్ని బిట్లదైనా ఉపయోగం లేదు. మరీ చిన్న శబ్దాన్ని బాగా పెంచితే మైకు సొంత 'స్స్' కూడా పైకొస్తుంది. నేను మాట్లాడేవాళ్లకి జానెడు, మహా అయితే మూరెడు దూరంలో, ఫ్రేమ్ అంచుకి బయట పెడతాను.

పైనున్న రెండు మైకులూ 90 డిగ్రీల కోణంలో ఎక్స్-వై పద్ధతిలో ఉంటాయి. వీధి, వర్క్‌షాప్, వాన లాంటి పరిసరాల శబ్దానికి ఈ స్టీరియో చాలా బాగుంటుంది. ఎడమ నుంచి కుడికి నడిచిన మనిషి అలాగే నడిచినట్టు వినపడతాడు. ఒక్కరి గొంతుకైతే స్టీరియో అవసరం లేదు. కాలర్‌కి పెట్టే చిన్న లావలియర్ మైకుని 3.5 మిల్లీమీటర్ల సాకెట్‌లో గుచ్చి, రికార్డర్‌ని మాట్లాడే మనిషి జేబులో వేసేస్తాను. ఆ సాకెట్ నుంచే మైకుకి కావాల్సిన కరెంటు (ప్లగ్-ఇన్ పవర్) ఇస్తుంది కాబట్టి మామూలు లావలియర్లు పనిచేస్తాయి. జేబులో వేసేముందు బటన్లు పొరపాటున నొక్కుకోకుండా హోల్డ్ స్విచ్ వేయండి.

ఒళ్లంతా తేలికైన ప్లాస్టిక్. ఇలాంటి చిన్న రికార్డర్లన్నిటి లాగే దీన్ని చేత్తో పట్టుకుంటే వేళ్లు జరిగిన ప్రతిసారీ గరగర రికార్డవుతుంది. ట్రైపాడ్ మర ఉంది, బల్లమీద నిలబెట్టే చిన్న ట్రైపాడ్ ఒకటి తగిలించి వదిలేయడం మేలు. బయటికి వెళ్తే గాలి తొడుగు లేకుండా తీయొద్దు. స్పాంజి తొడుగు గదిలో ఫ్యాను గాలికి సరిపోతుంది, ఆరుబయట గాలికి బొచ్చు తొడుగే దిక్కు. గాలి మైకు పొరని నేరుగా కొట్టే చప్పుడు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తో తీసినా గొంతులో కొంత తీసుకుపోతుంది.

ఈ శబ్దాన్ని కెమెరా బొమ్మకి జతపరచడం (సింక్) కష్టమేమీ కాదు. కెమెరా మైకుని కూడా ఆన్‌లోనే ఉంచి, టేక్ మొదట్లో గట్టిగా ఒక చప్పట కొట్టండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రెండు శబ్దాల్నీ పోల్చి తనే కలిపేస్తుంది. నిడివి ఎక్కువైతే మాత్రం జాగ్రత్త. కెమెరా గడియారమూ రికార్డర్ గడియారమూ ఎప్పుడూ కచ్చితంగా ఒక్కలా నడవవు. పది లక్షలకి 20 వంతుల తేడా ఉన్నా గంటలో 72 మిల్లీసెకన్లు జరుగుతుంది, అంటే 25 ఫ్రేముల వీడియోలో దాదాపు రెండు ఫ్రేములు. పెదాలకీ మాటకీ పొంతన కుదరనట్టు ఉంటుంది. అందుకే పొడుగు ఇంటర్వ్యూలని ముక్కలుగా తీస్తాను, ప్రతి ముక్కకీ ఒక చప్పట.

రికార్డర్ నడుస్తుండగా ఫోటోలు తీయాలంటే ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకోండి. మెకానికల్ షట్టర్ చప్పుడుని ఈ మైకులు ఏమాత్రం వదిలిపెట్టవు. కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్ షట్టర్‌కి చారలు పడతాయి, ఒక ఫ్రేమ్ తీసి చూసుకోవాలి. ఇంటర్వ్యూలో మనకున్న పెద్ద జబ్బు ఊఁ కొట్టడం. ఎదుటివాళ్లు చెబుతుంటే ఊఁ అనకపోతే మర్యాద కాదనిపిస్తుంది, కానీ ప్రతి 'ఊఁ' వాళ్ల మాట మీద పడి కత్తిరించడానికి వీల్లేకుండా చేస్తుంది. తల ఊపితే చాలు. లేచేముందు అందరినీ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోమని ఖాళీ గది శబ్దం కూడా తీసుకోండి. ముక్కల మధ్య అతుకు వేయడానికి అంతకన్నా మంచి జిగురు లేదు.

ఫైళ్ల విషయం. ఇది 32-బిట్ ఫ్లోట్ తప్ప వేరే రకం రాయదు. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకి సుమారు 1.4 జీబీ అవుతుంది, మైక్రోఎస్‌డీ కార్డుకి అదో లెక్క కాదు. డావిన్చీ రిజాల్వ్, ప్రీమియర్, రీపర్, ఆడాసిటీ లాంటివన్నీ వీటిని తెరుస్తాయి. ఫోన్‌లో మాత్రమే ఎడిట్ చేసేవాళ్లు కొనేముందు తమ యాప్ తెరుస్తుందో లేదో చూసుకోవాలి. ఇంకొకటి: లెవల్ సర్దే పని ఎక్స్‌పోర్ట్‌కి ముందే అయిపోవాలి. స్కేలు దాటిన శబ్దాన్ని అలాగే మామూలు ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే అక్కడ నిజంగానే పగిలిపోతుంది.

బ్యాటరీలు రెండు ట్రిపుల్-ఏ, ఎక్కడైనా దొరుకుతాయి. యూఎస్‌బీ-సీతో పవర్ బ్యాంకుకి కూడా తగిలించుకోవచ్చు. కంప్యూటర్‌కి పెడితే యూఎస్‌బీ మైకులా పనిచేస్తుంది, వాయిస్ ఓవర్ చెప్పడానికి నేను దాన్నే వాడతాను. మెనూని పైకి చదివి వినిపించే సౌకర్యం ఉండటం నాకు బాగా నచ్చింది. కంటిచూపు లేనివాళ్లు కూడా రికార్డింగ్ చేస్తారన్న ధ్యాస తయారుచేసినవాళ్లకి ఉంది.

ఇద్దరు ముగ్గురిని ఒకేసారి విడివిడి మైకులతో తీసేవాళ్లకి ఇది సరిపోదు. ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల పెద్ద ప్లగ్గు) మైకులు ఉన్నవాళ్లు అదే కంపెనీ ఎఫ్3 చూడాలి. దాంట్లో రెండు ఎక్స్ఎల్ఆర్ సాకెట్లుంటాయి, అదీ 32-బిట్టే. నడుస్తూ మాట్లాడే మనిషి వెంట తిరిగేవాళ్లకి తనలోనే రికార్డు చేసుకునే వైర్‌లెస్ మైకు సుఖం. ఒక మనిషి, ఒక గది, కొన్ని ఫోటోలు, ఒక గొంతు అయితే ఇది చాలు. తీసుకున్నరోజే బొచ్చు తొడుగూ, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్సూ కూడా తీసుకోండి. గెయిన్ చూడక్కర్లేదు కదా అని హెడ్‌ఫోన్స్ మానేస్తే వెనకాల గురగురమంటున్న ఫ్రిజ్ సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియదు.