పిస్టల్ గ్రిప్‌కి స్టిప్లింగ్: ఈ పెన్నులో నాబ్ ఒక్కటే నమ్ముకున్నాను

చెక్క మీద బొమ్మలు కాల్చే పెన్ను ఇది. నేను వాడుతున్నది మాత్రం పిస్టల్ పాలిమర్ గ్రిప్ మీద చుక్కలు పెట్టడానికి. చేతిలో జారకుండా గ్రిప్‌ని ఇలా గరుకు చేయడాన్నే స్టిప్లింగ్ అంటారు. వైరు మొద్దు, పట్టుకునే చోటు తొందరగా వేడెక్కుతుంది. అయినా వేడిని తగ్గించి పెంచుకునే నాబ్ ఉంది చూశారూ, దానికోసం అన్నీ భరించవచ్చు.

గ్రిప్‌తో కలిసి ఉండే ఈ ఫ్రేములు, అంటే పిస్టల్ ఒళ్లు, ఎక్కువగా గాజుపీచు కలిపిన నైలాన్. రకాన్ని బట్టి నైలాన్ 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నాబ్ లేని సోల్డరింగ్ ఐరన్ ఆ హద్దు దాటి ఎక్కడికో పోతుంది. ఆనించగానే గుంట లోతుగా దిగుతుంది, అంచులు మాడతాయి, ఘాటు పొగ. (పొగ ఎలాగూ తప్పదు, కిటికీ దగ్గర ఫ్యాను పెట్టుకోండి.) అదే నాబ్‌ని కింద నుంచి మెల్లగా పెంచుకుంటూ వస్తే ఒకచోట టిప్ మెత్తగా దిగి, అంటుకోకుండా పైకొస్తుంది. గుంట చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది. చేతికి పట్టునిచ్చేది ఆ గట్టే.

ఇంతవరకూ పొగిడాను కదా, ఇక అసలు సంగతి. బ్యాక్‌స్ట్రాప్ (గ్రిప్ వెనక వైపు ముక్క) ఒక పక్క చక్కగా వచ్చింది. రెండో పక్కకి వచ్చేసరికి టిప్ ఎత్తిన ప్రతిసారీ ప్లాస్టిక్ దారంలా సాగుతోంది. పెన్ను తెర మీద వేడి చూపే నంబరు మాత్రం కదల్లేదు. వేడి పెంచితే కాసేపు బాగుండేది, మళ్లీ అదే తంతు. సగం పనిలో ఉన్నాను, చుక్కల వరస చెడితే కనబడిపోతుంది, టెన్షన్. ఆపి, చల్లారాక చూస్తే టిప్ వేళ్లతోనే తిరిగిపోతోంది. వేడికి మర వదులైంది, మర సందులో మాడిన ప్లాస్టిక్ నల్లగా పేరుకుంది. హీటర్ వేడి కొస దాకా చేరడం లేదు. నంబరు చెప్పేది హీటర్ సంగతే, కొస సంగతి కాదు. అప్పటి నుంచి వేడెక్కాక పట్టకారుతో ఒకసారి బిగిస్తాను, కొన్ని వరసలకోసారి ఇత్తడి బ్రష్‌తో తుడుస్తాను. నంబరు చూడటం మానేశాను, చుక్క ఎలా పడిందో చూస్తాను.

గ్రిప్ విషయానికొస్తే, చెమట పట్టిన చేతిలో ఇప్పటికీ జారదు. కాకపోతే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఆనే చోట మొనలు అరిగి నున్నగా మెరుస్తోంది. కొత్తలో అదే చోట చర్మం ఒరుసుకుపోతే సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్దాల్సి వచ్చింది. నా పిస్టల్ సంచిలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి వస్తుంది, అంతే. నడుముకి పెట్టుకు తిరిగేవాళ్లకి ఇంత గరుకు చొక్కాని తినేస్తుంది.

నా దానికి బ్యాక్‌స్ట్రాప్ ఊడదీసి మార్చుకునే వీలుంది కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టాను, చెడినా విడిభాగమే. పక్కలు మాత్రం ఫ్రేమే, అక్కడ పెట్టిన చుక్క తీయలేం, వారంటీ కూడా పోవచ్చు. తూటాలు లేకుండా పూర్తిగా ఖాళీ చేసి, స్లయిడ్ (పైన కదిలే భాగం), మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీశాకే టిప్ ఆనించాలి, సీరియల్ నంబరు పలక జోలికి పోకూడదు.

ఒక్క గ్రిప్ కోసమైతే ఈ పెన్ను కొనమనలేను, రబ్బరు తొడుగుతో సరిపోవచ్చు. నాకు చేతులు బాగా చెమర్చుతాయి, పైగా చేయాల్సిన గ్రిప్ ఇంకొకటి ఉంది, అందుకని ఉంచుకున్నాను.