ట్రిపుల్ సెవెన్ నుంచి 787కి మారాక: ఏళ్ల తరబడి నడిపినవాడి మాట

పైలట్‌గా ట్రిపుల్ సెవెన్ (అంటే 777), 787 విమానాలు రెండూ చాలాకాలం నడిపాను కాబట్టి ముందే తేల్చి చెప్పేస్తాను. నడపడంలో ఉండే హాయి అడిగితే బోయింగ్ 777-300 ఈఆర్‌కే నా ఓటు. కానీ దారి మధ్యలో, మంచు తప్ప మరేమీ లేని చోట దిగాల్సి వస్తే మాత్రం నేను కూర్చున్నది 787-9 అయితే బాగుండు అనుకుంటాను. కంపెనీలు పాత విమానాలు తీసేసి కొత్తవి కొనేటప్పుడు ఇంధనం లెక్క, సీట్ల లెక్క వేస్తాయి. ఈ లెక్క ఎవరూ అడగరు.

మాది మిర్యాలగూడ. ఉద్యోగం గల్ఫ్‌లో. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం పక్కగా అమెరికా పడమటి తీరానికి వెళ్లే లైన్లు ఎక్కువ పడతాయి. వనపర్తి తమ్ముడొకడు వేరే కంపెనీలో ఎయిర్‌బస్ ఏ350 నడుపుతాడు. సెలవులు కలిసొచ్చి సాగర్ దగ్గర కూర్చున్నామంటే ఇంట్లోవాళ్లు చేపల పులుసు సంగతి చూసుకుంటారు, మేం డైవర్షన్ల (దారి మళ్లి వేరేచోట దిగడం) సంగతి పట్టుకుంటాం. హాలియా నుంచి మా మేనమామ వస్తే ఆయన ప్రశ్న ఒక్కటే: "రెండే ఇంజన్లు గదరా, సముద్రం మీద ఒకటి ఆగితే ఎట్ల?"

మామా, ఆ ప్రశ్న మీద ఒక నియమమే ఉంది. ఒక ఇంజన్ ఆగితే, మిగిలినదాని మీద ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టు చేరేలా ఉండాలి. దాన్ని ఈటాప్స్ అంటారు. మొదట్లో అది 60 నిమిషాలు. 1985లో 767కి 120 అయింది. 777 తొలి నుంచే 180తో వచ్చింది. 787కి 2014లో 330 ఇచ్చారు, అదే ఏడాది ఏ350కి 370. ఇక్కడ తమ్ముడు మీసం మెలేస్తాడు, "అన్నా, మాదే ఎక్కువ" అని. కాగితం మీద ఎక్కువే. కార్గోలో మంట లేస్తే దాన్ని అణచి ఉంచే గ్యాస్ ఎంతసేపు వస్తుందో, మనం చేరే గంటకి అక్కడ వాతావరణం ఎలా ఉంటుందో, అవి కూడా కలిసొస్తేనే ఆ నిమిషాలకు విలువ.

నిజానికి దారి మళ్లించేది ఎక్కువగా ఇంజన్ కాదు, మనుషులు. గుండె నొప్పి, పక్షవాతం, ఊపిరాడకపోవడం. అప్పుడు కావలసింది రన్‌వే ఒక్కటే కాదు, పక్కన మంచి ఆసుపత్రి. కెనడాలో గూస్ బేకి 11 వేల అడుగుల రన్‌వే ఉంది. అలాస్కాలో కోల్డ్ బేకి 10 వేల అడుగులు దాటిన రన్‌వే ఉంది, ఊళ్లో జనం మాత్రం వంద లోపే. మూడు వందల మందిని అక్కడ దింపితే ఊరి జనానికి మూడు రెట్ల పైనే.

చలి కాలంలో ధ్రువం దగ్గర మా కన్నంతా ఇంధనం ఉష్ణోగ్రత మీదే. అమెరికాలో పోసే జెట్ ఏ మైనస్ 40 దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది. మన వైపు దొరికే జెట్ ఏ-1 అయితే మైనస్ 47 దాకా ఆగుతుంది. అందుకే వెళ్లేటప్పటికన్నా తిరుగు ప్రయాణంలోనే టెన్షన్. బయట మైనస్ 65 ఉంటే రెక్కల్లోని ఇంధనం గంట గంటకూ ఒక్కో డిగ్రీ జారుతూ స్క్రీన్ మీద మైనస్ 34, 35, 36 అని కనిపిస్తుంటుంది. గడ్డకట్టే హద్దుకి మూడు డిగ్రీలు ఇవతలే, అంటే మైనస్ 37 దగ్గరే, మేం ఏదో ఒకటి చేయాలి. వేగం మాక్ 0.01 (ధ్వని వేగంలో నూరో వంతు) పెంచితే అర డిగ్రీ పైచిలుకు వెచ్చదనం వస్తుంది. అది చాలకపోతే కాస్త వెచ్చని గాలి ఉన్న ఎత్తుకి దిగాలి, దిగితే ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఈ విషయంలో రెండు విమానాలకూ పెద్ద తేడా చూడలేదు.

తేడా నేల మీద. 777-300 ఈఆర్ పొడవు దాదాపు 74 మీటర్లు, 787-9 సుమారు 63. పైలట్ సీటు ముందు చక్రం కన్నా ముందు ఉంటుంది. 45 మీటర్ల వెడల్పు రన్‌వే చివర ట్రిపుల్ సెవెన్‌ని తిప్పుతుంటే ముక్కు గడ్డి మీదకి వెళ్లిపోతుంది, చక్రాలు మాత్రం తారు మీదే ఉన్నాయని కెమెరా బొమ్మ చూసి నమ్మాలి. చివర్లో వెడల్పు చేసిన జాగా లేకపోతే అసలు తిప్పడమే కుదరదు. ఇక బరువు. ట్రిపుల్ సెవెన్ గరిష్ఠంగా 351 టన్నులతో లేస్తుంది, 251 టన్నులతో దిగవచ్చు. 787-9 నిండుగా లేచేటప్పుడే 254. 787 లేచే బరువు, ట్రిపుల్ సెవెన్ దిగే బరువు ఇంచుమించు ఒకటే. చిన్న ఊరి ఎయిర్‌పోర్టులో ఎక్కడ ఆపాలన్న దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇంజన్ పాడైతే మరీ. 2017 ఫిబ్రవరిలో జ్యూరిక్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న 777-300 ఈఆర్ ఇంజన్ ఆగి ఉత్తర కెనడాలోని ఇకాలుయిట్‌లో దిగింది. దాని జీఈ90 ఇంజన్ ఫ్యాన్ వ్యాసమే మూడుంపావు మీటర్లు. కొత్త ఇంజన్‌ని ఆంటొనోవ్ అనే భారీ రవాణా విమానంలో తెప్పించి, ఆ చలిలోనే మార్చారు. 787 ఇంజన్ దీనికన్నా చిన్నది. అలాగని 787ని నెత్తిన పెట్టుకోను. 2018లో కొన్ని ట్రెంట్ 1000 ఇంజన్లున్న 787లకు ఈటాప్స్‌ని 140 నిమిషాలకు కుదించారు, అంతకుముందు 2013లో బ్యాటరీల మూలంగా ఆ విమానాలన్నీ కొన్ని నెలలు నేల మీదే ఉన్నాయి. అహ్మదాబాద్ ప్రమాదం గురించి ఊళ్లో అందరూ అడుగుతారు. దాని గురించి ఊహించి మాట్లాడటం నా పని కాదు.

రోజూ నడిపేవాడికి 787తో ఉండే చిరాకు వేరు. అంతా కరెంటు మీదే. నేల మీద ఉన్నప్పుడు ఏదో ఒక సందేశం వస్తుంది, ఇంజనీరు వచ్చి పవర్ తీసి పెడితే పోతుంది. ఇంజనీరే లేని ఊళ్లో? తోకలోని చిన్న ఇంజన్ పనిచేయకపోతే, పెద్ద ఇంజన్లు స్టార్ట్ చేయడానికి ట్రిపుల్ సెవెన్‌కి గాలి కొట్టే బండి కావాలి, 787కి గట్టి కరెంటు బండ్లు కావాలి. మారుమూల చోట ఈ రెండింటిలో ఏదీ ఉంటుందన్న గ్యారంటీ లేదు. మేం పడుకునే అర కూడా ఇరుకు. ఒంటికి మాత్రం 787 మేలు. క్యాబిన్‌లో గాలి 6 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, ట్రిపుల్ సెవెన్‌లో అది 8 వేల దాకా పోతుంది. దిగాక గొంతు ఎండటం, తలనొప్పి చాలా తగ్గాయి.

2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న 777 రష్యాలోని మగదాన్‌లో దిగిన సంగతి గుర్తుండే ఉంటుంది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. కొందరు బడిలో పరుపులు వేసుకుని పడుకున్నారు. అది వేసవి కాబట్టి సరిపోయింది. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ నుంచి డల్లాస్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లని రోజూ చూస్తాను. కాళ్లకి చెప్పులు, నూలు చీర, బీపీ మాత్రలు చెక్ ఇన్ చేసిన పెట్టెలో. అమ్మా, మాత్రలు చేతి సంచిలో పెట్టుకోండి. ఒక స్వెట్టర్, సాక్సులు కూడా.

ఇక ఏది కొనాలి? ట్రిపుల్ సెవెన్‌లో కొత్త రకమైన 777-9 కోసం ఆగిన కంపెనీలు 2020 నుంచి ఆగుతూనే ఉన్నాయి, ఇప్పుడు 2027 అంటున్నారు. అది 76 మీటర్లు దాటుతుంది, దాన్ని ఇకాలుయిట్‌లో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఏ350-1000 పొడవు కూడా ట్రిపుల్ సెవెన్ అంతే అని గుర్తుచేస్తే తమ్ముడు మాట మార్చి చేప ముక్క అందుకుంటాడు. నన్నడిగితే ధ్రువం లైన్లకి 787-9, లేదంటే ఏ350-900. మిగిలిన ట్రిపుల్ సెవెన్లని గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కి పెట్టండి. జనమూ ఎక్కువే, పెట్టెలూ ఎక్కువే, దాని కడుపు పెద్దది. శంషాబాద్‌లో వాన ఉరుములైతే బెంగళూరో నాగపూరో పోతాం, అంతే. బెంగళూరులో ఆగితే జడ్చర్లవాళ్లు "సార్, ఇక్కడ్నే దింపున్రి, బస్సుల వోతం" అంటారు. ఇమిగ్రేషన్ ఒప్పుకోదని సిబ్బంది నచ్చచెప్పేలోపు శంషాబాద్‌లో వాన తెరిపిస్తుంది.