మిడ్‌సమ్మర్‌కు సిల్యన్ సరస్సు ఒడ్డున మూడు రాత్రులు: ఒక అద్దె ఇంటి మంచిచెడ్డలు

స్వీడన్‌లో ఏడాదిలో పగలు అతి పొడవుగా ఉండే రోజుల్లో వచ్చే మిడ్‌సమ్మర్ పండుగ చూడటానికి దాలర్నా ప్రాంతానికి వెళ్లాలనుకునే తెలుగు కుటుంబాలకు పనికొస్తుందని, 2025 జూన్‌లో లెక్సాండ్ ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో మేము అద్దెకు తీసుకున్న కొయ్య ఇంటి గురించి రాస్తున్నాను. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్న నేను, నా భార్య, ఆరేళ్ల పాప, వరంగల్ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు, మొత్తం ఐదుగురం శుక్రవారం పొద్దున వెళ్లి సోమవారం పొద్దున తిరిగి వచ్చాము. ఇంటి యజమానురాలి పేరు గానీ ఇంటి ఆనవాళ్లు గానీ చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందుల్లో చాలావరకు ఆ ఒక్క ఇంటివి కావు.

ముందుగా తేదీ సంగతి చెప్పాలి. 1953కు ముందు ఈ పండుగ ఏటా జూన్ 24నే వచ్చేది. ఇప్పుడు జూన్ 19, 25 తేదీల మధ్య ఏ శుక్రవారం పడితే ఆ రోజు మిడ్‌సమ్మర్ ముందురోజు అవుతుంది, అసలు సంబరమంతా ఆనాడే జరుగుతుంది. 2025లో అది జూన్ 20న వచ్చింది, 2026లో 19న వస్తుంది, 2027లో ఒక్కసారిగా 25కు జరుగుతుంది. పోయిన ఏటి తేదీ చూసి విమాన టికెట్లు కొన్నవాళ్లు పండుగ అయిపోయాక దిగడమో, పండుగకు ముందే తిరుగుప్రయాణం కట్టడమో జరుగుతుంది. మేము నవంబరులోనే ఇల్లు మాట్లాడుకున్నాము, అప్పటికే నేను అడిగిన మొదటి మూడు ఇళ్లు ఖాళీ లేవన్నారు. ఇండియా నుంచి పెద్దవాళ్లను పిలిపించుకునేవారు, స్వీడన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చన్న మాట గుర్తుంచుకుని, డిసెంబరు చివర్లోనే ఆ పని మొదలుపెట్టడం మేలు.

ఇల్లు ఫొటోల్లో ఎలా ఉందో అలాగే ఉంది. ముదురు ఎరుపు గోడలు, తెల్లటి కిటికీ అంచులు, ముందు పచ్చిక, పచ్చిక చివర సరస్సు. ఆ ఎరుపు రంగు దగ్గర్లోని ఫాలున్ రాగి గని మట్టితో చేసేదని, గని 1992లో మూతపడినా రంగు మాత్రం ఇంకా అక్కడి మట్టితోనే తయారవుతోందని చెబితే, నాన్న గోడను వేలితో రుద్ది చూసి, వేలికి అంటిన ఎర్రటి పొడిని చాలాసేపు పరిశీలించారు. రెండు గదులు, ఒక అటక, వంటిల్లు, శుభ్రమైన స్నానాలగది. కుటుంబానికి సరిపోయే ఇల్లే.

ఇక లోటుపాట్లు. మంచాలపై పరుపులు, దిండ్లు, బొంతలు ఉన్నాయి కానీ దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు లేవు. అవి అతిథులే తెచ్చుకోవాలన్న సంగతి ఇల్లు ఖాయం చేసిన ఉత్తరంలో చివరి వరుసలో ఉందని ఆ తరువాత చూసుకున్నాను. హోటల్ అలవాటుతో చదవకుండా వదిలేసిన తప్పు నాదే అయినా, అంత ముఖ్యమైన విషయం అంత అడుగున రాయడం మాత్రం ఆవిడ తప్పు. ఆ మూడు రాత్రులూ అమ్మ పెట్టెలోని నూలు చీరలే మాకు దుప్పట్లయ్యాయి. రెండోది, వెళ్లేటప్పుడు ఇల్లంతా ఊడ్చి, తుడిచి, చెత్త వేరుచేసి అప్పగించాలి, లేదంటే 900 క్రోనర్లు (స్వీడన్ డబ్బు) కట్టాలి. మేము తుడిచే వెళ్లాము, అందుకు సోమవారం పొద్దున రెండు గంటలు పట్టింది. ఈ రెండూ స్వీడన్‌లో అద్దె ఇళ్లకు మామూలు పద్ధతులేనని ఇక్కడి సహోద్యోగులు నవ్వుతూ చెప్పారు. మూడోది మాత్రం ఆ ఇంటి ప్రత్యేకతే: వేడినీళ్ల తొట్టి చిన్నది కావడంతో, నాన్న ఒకరు స్నానం చేస్తే తరువాతి వారు ముప్పావుగంట ఆగవలసి వచ్చేది.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది వెలుతురు. ఆ రోజుల్లో అక్కడ పగలు దాదాపు 19 గంటలు ఉంటుంది, మిగిలిన ఐదు గంటలు కూడా చీకటి కాదు, మన దగ్గర తెల్లవారుజామున ఉండే మసక మాత్రమే. పడకగదికి ఉన్నవి పల్చటి తెల్ల పరదాలు. మూడున్నరకే ఎండ ముఖం మీద పడితే, అమ్మ లేచి వాకిలి ఊడ్వడం మొదలుపెట్టింది. నల్లటి గుడ్డ, నాలుగు క్లిప్పులు వెంట తీసుకెళ్లండి. దోమల మందు కూడా, సరస్సు ఒడ్డున సాయంత్రం దాని అవసరం తప్పక పడుతుంది.

వంటింటికి పేరు పెట్టడానికి లేదు. నాలుగు పొయ్యిలు, ఓవెన్, అడుగు మందంగా ఉన్న మంచి గిన్నెలు ఉన్నాయి, కుక్కరు మేమే తీసుకెళ్లాము. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో మిడ్‌సమ్మర్‌కు స్టాక్‌హోమ్ అలాగే ఖాళీ అవుతుంది, ఊళ్లలో కూడా దుకాణాలు శుక్రవారం మధ్యాహ్నానికే షట్టర్లు దించేస్తాయి. మద్యం అమ్మే ప్రభుత్వ దుకాణాలు శుక్రవారం నుంచి ఆదివారం దాకా తెరవనే తెరవవు. కాబట్టి పాలు, పెరుగు, కూరగాయలు గురువారమే కొని పెట్టుకోవాలి. పండుగ భోజనంలో ప్రధానమైనది ఊరబెట్టిన చేప, శాకాహారులకు మిగిలేవి ఉడికించిన కొత్త ఆలుగడ్డలు, పుల్లటి మీగడ, స్ట్రాబెర్రీలు. ఆలుగడ్డలపై చల్లే ఆకును అమ్మ వాసన చూసి, ఇది మన సోయకూరే కదా అని ఆశ్చర్యపోయి, వెంటనే ఎండుమిర్చితో పోపు పెట్టింది. ఆ ఘాటుకు పొగ అలారం మోగిపోయింది. పక్కింట్లోనే ఉండే యజమానురాలు పరుగున వచ్చి, కారణం తెలుసుకుని, కోప్పడకుండా కిటికీలన్నీ తెరిచి, గిన్నెడు ఆలుగడ్డలు తనకూ పెట్టించుకుని వెళ్లారు. ఈ ఇంటికి నేనిచ్చే మార్కుల్లో ఒకటి ఆవిడకే చెందుతుంది.

సంబరం లెక్సాండ్‌లోని సమ్మిల్స్‌దాల్ అనే పల్లపు మైదానంలో జరుగుతుంది. చుట్టూ గట్ల మీద వేలాది మంది కూర్చోగా, ఫిడేళ్లు వాయించేవాళ్లు ముందు నడుస్తుండగా, ఆకులు, పూల దండలు చుట్టిన పొడవాటి స్తంభాన్ని జంట కర్రల ఊతంతో కొద్దికొద్దిగా పైకి లేపుతారు. ఒక్కో ఊపుకు జనం అరిచే అరుపుకు పాప భయపడి నాన్న భుజమెక్కింది, స్తంభం నిలబడ్డాక దాని చుట్టూ కప్పల్లా గెంతే ఆటకు మాత్రం తనే మమ్మల్ని లాక్కెళ్లింది. మేము కారు అద్దెకు తీసుకున్నాము కాబట్టి రాత్రి ఇల్లు చేరడం సులువైంది. సెలవురోజు బస్సులు తక్కువ కాబట్టి, కారు లేనివాళ్లు నడిచి చేరగల దూరంలోనే బస చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ఇంత దూరం రాలేనివాళ్లకు స్టాక్‌హోమ్‌లోనే, 1891లో ఏర్పడిన స్కాన్సెన్ ఆరుబయటి మ్యూజియంలో ఇదే వేడుక జరుగుతుంది, అక్కడికి ట్రామ్ వెళుతుంది. అయితే అది చూసి వచ్చే పండుగ, ఇక్కడిది ఉండి వచ్చే పండుగ.

మూడు రాత్రులకు 5,400 క్రోనర్లు ఇచ్చాము. ఐదుగురికి రెండు హోటల్ గదులు తీసుకుంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది ఎక్కువ కాదు. వేడినీళ్ల తొట్టి, పరదాలు మార్చేదాకా ఐదింటికి నాలుగు కన్నా ఎక్కువ ఇవ్వలేను.

శనివారం స్వీడన్‌లో జాతీయ జెండా ఎగరేసే అధికారిక రోజుల్లో ఒకటి కూడా. ఇంటి ముందు స్తంభానికి పొద్దున ఎనిమిదింటికి యజమానురాలే జెండా ఎగరేసి, రాత్రి తొమ్మిదికల్లా దించమని నాన్నకు అప్పగించారు. తొమ్మిదింటికి సరస్సు మీద సూర్యుడు ఇంకా నిక్షేపంగా ఉన్నాడు. పొద్దుగూకకుండా జెండా దించడమేమిటని నాన్న అడిగితే, ఎంత ఎండ ఉన్నా తొమ్మిది దాటకూడదన్నది ఇక్కడి పద్ధతని ఆవిడ చెప్పారు. నాన్న చెప్పులు విప్పి, తాడు వదులు చేసి, నేల తగలకుండా జెండాను భుజం మీద వేసుకుని నాలుగు మడతలు పెట్టి ఇచ్చారు. పాత అతిథులు నవంబరు నెలాఖరులోగా చెబితే ఇల్లు వాళ్లకే ఇస్తారట. నాన్న అప్పుడే మాట ఇచ్చేశారు, దుప్పట్ల జాబితా నేను రాసుకున్నాను.