మూసిన ఊరు, మధ్యాహ్నం దాకా తెరిచిన ఊరు

రాష్ట్రంలో తొలి కరోనా కేసు మా నెల్లూరులోనే, 2020 మార్చిలో. ఆ నెల 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. కరోనా తీవ్రతను బట్టి జిల్లాలకు రంగులిచ్చిన మే 1 నాటి కేంద్రం జాబితాలో మాది రెడ్ జోన్, పక్కనున్న ప్రకాశం ఆరెంజ్. ఎక్కడో ఉన్న ఉదయగిరి పల్లెకీ నెల్లూరు సిటీకీ ఒకే రంగు! మండలాల వారీగా చూసి ఉండాల్సింది.

2021 మే 5 నుంచి రాష్ట్రం పెట్టింది వేరు. పొద్దున 6 నుంచి 12 దాకా దుకాణాలు, తర్వాత కర్ఫ్యూ.

మా వీధికి చేపలు తెచ్చే అక్క మొదటిసారి తట్ట బోర్లించి, రేషన్ బియ్యంతో నెట్టుకొచ్చింది. రెండోసారి పదకొండున్నరకల్లా అమ్ముకుని, నాలుగు డబ్బులతో ఇల్లు చేరేది. పేదవాళ్ల వైపు నుంచి చూస్తే రెండోదే నయం.

కానీ అందరూ ఆ ఆరు గంటల్లోనే బయటికి రావడంతో, కూరగాయల కొట్టు ముందు ముగ్గుపిండితో గీసిన గుండ్రాలు పదింటికే కాళ్ల కింద చెరిగిపోయేవి. ఆ నెలలోనే కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది గుమిగూడారు. పైగా మొదటి లాక్‌డౌన్ కేసులు తక్కువున్నప్పుడే వచ్చి, ఆస్పత్రులకు సర్దుకునే వ్యవధి ఇచ్చింది. కర్ఫ్యూ వచ్చేసరికి జనం ఆక్సిజన్ బెడ్ల కోసం టెన్షన్‌తో తిరుగుతున్నారు. ఏప్రిల్‌లోనే పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.