ముసురులో అరకు

మా బెజవాడకు ‘బ్లేజ్‌వాడ’ అని పేరు ఊరికే రాలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయో లేదో గానీ, మా డాబా మీది ప్లాస్టిక్ బకెట్ మాత్రం పగిలింది. అందుకే ఎక్కడికైనా వెళ్దామంటే నా చూపు మబ్బున్న వైపే. మా ఆయనకేమో ఎండ ఉండాలి, ఫొటోల కోసం. ఆయన మాట మీద మూడేళ్ల కిందట మేలో అరకు వెళ్లాం. ఈసారి నా పంతం నెగ్గి జులై చివర్లో వెళ్లాం.

మేలో అరకు చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఎత్తు సుమారు 900 మీటర్లే. రాత్రిళ్లు హాయే గానీ మధ్యాహ్నం ఎండ ఎండే. అప్పుడు చాపరాయి వాగు దగ్గర నీళ్లు సన్నగా పారుతున్నాయి, రాతి మీద కాలు పెడితే చురుక్కుమంది. పైగా పిల్లల సెలవులు, ఎక్కడ చూసినా జనం.

ఈసారి విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో. శృంగవరపుకోట దాటేదాకా ఉక్కపోతే. శివలింగపురం తర్వాత కొండెక్కుతుంటే ఒక సొరంగంలోకి దూరేటప్పుడు లోయ కనిపించింది, బయటికొచ్చేసరికి లేదు. తెల్లగా మబ్బు. ఇంకో సొరంగం దాటితే మళ్లీ లోయ, పక్కనే మేలో జాడ కూడా లేని జలపాతం. దారిలో 50కి పైగా సొరంగాలు, ప్రతిదాని అవతలా ఏముంటుందోనని చూడటమే సరదా. ఒక్క హెచ్చరిక: గట్టి వానలకు కొండచరియలు పడి రైళ్లు ఆగే రోజులుంటాయి. ముందు రోజు కనుక్కుని బయల్దేరండి.

బొర్రా గుహలు వానాకాలంలోనే చూడాలి. సున్నపురాయి గుండా దిగిన నీరే ఆ రూపాలన్నీ కట్టింది. ఆ పని కళ్లముందే జరుగుతున్నట్టు పైనుంచి చుక్కలు మన నెత్తిన పడుతుంటాయి. మెట్లు జారతాయి, హవాయి చెప్పులు వద్దు. కటికి జలపాతానికి మాత్రం ‘ఇవాళ బండి దిగదమ్మా’ అన్నాడు జీపు అబ్బాయి. బేరం పోతుందని తెలిసీ చెప్పాడు కాబట్టి నమ్మేశాం.

బసలో తేడా బాగా తెలిసింది. మొదటి రాత్రి అనంతగిరిలో, కాఫీ తోటల పక్కన. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, కింద పచ్చి కాయలతో కాఫీ మొక్కలు, రాత్రంతా ఆకుల మీంచి నీళ్లు రాలిన చప్పుడు. గది చిన్నదే, దుప్పటి పొడిగా ఉంది, అడగకుండానే ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టారు. రెండో రాత్రి అరకు ఊళ్లో ఒక ప్రైవేటు లాడ్జి. లోయ కనిపించే గదికి అదనంగా తీసుకున్నారు. కరెంటు పోయింది, జనరేటరు వరండా దీపాలకే, గీజరు లేదు, పక్కబట్టలు చెమ్మ వాసన. కిటికీ తీస్తే చేయి చాపినంత దూరంలో మబ్బు.

“దీనికా అదనంగా కట్టాం? ఇంత దూరం వచ్చి ఏం చూశామే?” అన్నారాయన.

“మబ్బు చూశాం కదండీ,” అన్నాను. ఆయన నవ్వలేదు. డబ్బు సంగతిలో ఆయన కోపం న్యాయమే. ముసురు రోజుల్లో వ్యూ గదికి పైసా ఎక్కువ ఇవ్వకండి. సీజన్ కాదు కాబట్టి మామూలు గది అద్దె కూడా బేరమాడొచ్చు.

బొంగులో చికెన్ మేలోనూ తిన్నాం, నిప్పుల పక్కన చెమటలు కక్కుతూ. ఇప్పుడదే నిప్పుల దగ్గర చేతులు కాచుకుంటూ నిలబడి, బొంగు చీల్చగానే వచ్చే ఆవిరి ముఖానికి తగిలించుకుని తిన్నాం. ఆయన కూడా రెండోది చెప్పారు.

ఎండాకాలం తరఫున ఒక్క మాట: మార్చి, ఏప్రిల్ నెలల్లో జల్లు పడ్డాక కాఫీ పూస్తుంది, తోటంతా మల్లెల వాసన. దానికోసమైతే ఆయనతో మళ్లీ వెళ్తాను.

అరకులో మూడు రోజులైనా ఆరని సాక్సులు, ఇంటికొచ్చి డాబా మీద వేస్తే గంటలో అప్పడాలయ్యాయి.